సాతానుకి మా ఇల్లే దొరికిందా?

మా ఇంట్లో ఏది చెడినా దానికి బాధ్యుడు సాతానే. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన మగవాళ్ళకి ఇదొక పెద్ద సౌకర్యం. మోటారు వేసి మర్చిపోయి, ట్యాంకు పొంగి, పక్కింటివాళ్ళ ఆరిన బట్టలు మళ్ళీ తడిశాయా, "అపవాది మతిమరుపు కలిగించాడు" అంటాను. తెల్లారుజామున ప్రార్థనకి లేవాలని అలారం పెట్టుకుని, అది మోగగానే దాని నోరు నొక్కి మళ్ళీ ముసుగు తన్నానా, "శత్రువు నిద్రరూపంలో వచ్చాడు" అంటాను.

"పాపం, ఇంత లోకాన్ని వదిలేసి సాతాను మన మోటారు స్విచ్ దగ్గర కూర్చున్నాడా అండీ?" అంటుంది మా ఆవిడ.

మీ ఇంట్లోనూ ఇలాంటి ప్రశ్నలడిగే మనిషి ఒకరుంటారు. వాటికి జవాబుండదని మీకూ తెలుసు.

ఇలా కాలం గడిచిపోతుండగా మా సంఘపెద్ద ఒకాయన ఆరాధన అయ్యాక నా భుజం మీద చెయ్యేశారు. "బ్రదర్, ఈ నెల గృహకూడిక మీ ఇంట్లో పెడదాం. వాక్యం కూడా మీరే చెప్పండి. రోజువారీ జీవితంలో సాతాను దాడుల్ని ఎదిరించడమెలా అన్న అంశం. పది నిమిషాలు చాలు" అన్నారు. చివరి మాట నా చెవిన పడలేదు. ఆ సాయంత్రమే బజారుకెళ్ళి రెండు రంగుల పెన్నులు, పొడుగాటి నోటుపుస్తకం కొనుక్కొచ్చాను. "పోరాటం మొదలైంది" అని ఇంట్లో ప్రకటించాను. "మొదలైతే మొదలైంది గానీ పాలపాకెట్ తెమ్మన్నాను, తెచ్చారా?" అంది ఆవిడ.

మాది గుంటూరు లూథరన్ కుటుంబం. 1842లో అమెరికా నుంచి హేయర్ అయ్యగారు గుంటూరు వచ్చి పని మొదలుపెట్టారని, ఆ పునాదుల మీదే మా తాతముత్తాతలు నిలబడ్డారని నేను వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాను. మా ఆవిడ ఎప్పుడూ చెప్పదు. ఆవిడ తెల్లారకముందే లేచి, వంటింట్లో స్టౌ వెలిగించేలోపు మోకాళ్ళూని నాలుగు మాటలు చెప్పుకుని లేస్తుంది. ఆ సంగతి నాకు తెలిసింది కూడా, రాత్రంతా ఫోన్లో క్రికెట్ చూసి దాహమేసి మంచినీళ్ళకి వెళ్ళిన ఒక తెల్లారుజామునే.

ఆత్మీయ పోరాటమంటే ఎవరైనా ముందు తెరిచేది ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయం. సర్వాంగ కవచం అక్కడే ఉంది. నడుముకి సత్యం, రొమ్ముకి నీతి, కాళ్ళకి సమాధాన సువార్త జోడు, చేతిలో విశ్వాసమనే డాలు, తలకి రక్షణ శిరస్త్రాణం, ఖడ్గం దేవుని వాక్యం. పౌలు ఇది బంధకాల్లో ఉండి రాశాడు. అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయంలో చూస్తే రోములో ఆయనకి ఒక సైనికుడు కావలి కూడా ఉన్నాడు. పొద్దస్తమానం ఎదురుగా ఆ కవచమే కనబడుతుంటే దాన్నే పాఠం చేసుకున్నాడేమోనని నా ఊహ. ఈ ఊహ కుటుంబ ప్రార్థనలో చెప్పి, అందరి మొహాల్లోకీ చూశాను. మా అత్తగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. ప్రార్థనలో ఉన్నారనుకున్నాను. గురక వినబడింది.

మావాడికి మాత్రం ఉత్సాహమొచ్చింది. తొమ్మిదో తరగతి. వేసవి సెలవుల్లో వీబీఎస్‌కి (పిల్లల బైబిలు బడికి) వెళ్ళినప్పుడు అట్టపెట్టెలు కోసి, వెండిరంగు కాగితం అంటించి, ఈ కవచం వేసుకుని స్టేజీ ఎక్కినవాడు. "డాడీ, అన్నిటికీ ఉంది గానీ వీపుకేం లేదేంటి?" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇదే సంగతి 1678లో అచ్చయిన 'యాత్రికుని ప్రయాణము'లో జాన్ బన్యన్ కూడా పట్టుకున్నాడు. అందులో క్రైస్తవుడికి అపొల్లుయోను అనే దురాత్మ ఎదురొస్తాడు. వెనక్కి తిరిగి పారిపోదామా అనుకుంటాడు గానీ, వీపుకి కవచం లేదని గుర్తొచ్చి నిలబడతాడు. ఇదంతా గొంతు పెంచీ తగ్గించీ చెప్పాను.

"అవును, పారిపోయేవాళ్ళ కోసం కవచం చేయరు" అంది మా ఆవిడ చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ. "అందుకే, అంట్లగిన్నెలు కనబడగానే మీరు మేడెక్కేటప్పుడు జాగ్రత్తగా ఎక్కండి."

పిల్లలు నవ్వారు. అత్తగారు కూడా నవ్వారు. అంటే నిద్రపోలేదన్నమాట.

కవచంతో తృప్తిపడకుండా ఆ పైన నాలుగు వచనాలు చదువుదామని అయిదో అధ్యాయానికి వెళ్ళడం నాకు కలిసిరాలేదు. అక్కడ భార్యలు భర్తలకి లోబడాలని ఉంది కదా. నేనెప్పుడు చదివినా ఆ వచనం దగ్గరే మొదలుపెడతాను, గొంతు కూడా అక్కడే బాగా పలుకుతుంది. మా ఆవిడ ఒక్క వచనం ముందు నుంచి మొదలుపెడుతుంది. అక్కడ ఒకరికొకరు లోబడమని ఉంది. తర్వాత వచనాలేమో భార్య కోసం ప్రాణం పెట్టేంతగా ప్రేమించమని భర్తకి చెబుతాయి. లెక్కేసి చూస్తే భార్యకి చెప్పినదానికన్నా భర్తకి చెప్పిందే ఎక్కువ. ఈ లెక్క నేను వేయలేదు. మా అమ్మాయి వేసింది. అది డిగ్రీ చదువుతోంది, దానికి ప్రతిదానికీ లెక్కలే.

అక్కడితో ఆగిందా? "డాడీ, ఆరో అధ్యాయం మొదట్లో తండ్రులు పిల్లలకి కోపం రేపకూడదని కూడా ఉంది. తర్వాత పనివాళ్ళ సంగతి, యజమానుల సంగతి. అదంతా అయ్యాకే కవచం. అంటే పౌలుగారు ఇంటి సంగతులన్నీ చెప్పి, ఆ వెంటనే కవచం తొడుక్కోమన్నారు. యుద్ధం ఎక్కడనుకుంటున్నారు మీరు?" అంది.

నా నోటుపుస్తకంలో అప్పటికి 'వాయుమండల దురాత్మలు' అని ఎర్రసిరాతో పెద్ద శీర్షిక పెట్టుకుని ఉన్నాను. దానికింద రాయడానికి ఏమీ తోచలేదు.

కోపం విషయానికొస్తే అదే పత్రిక నాలుగో అధ్యాయంలో పొద్దు గుంకేలోపు కోపం విడిచిపెట్టమనీ, అపవాదికి చోటివ్వొద్దనీ ఉంది. మా పెళ్ళినాటి నుంచి ఇది మా ఇంటి చట్టం. మా ఆవిడ దీన్ని కచ్చితంగా పాటిస్తుంది. దీపాలార్పేముందు వచ్చి, "ఏవండీ, మధ్యాహ్నం విసుక్కున్నాను, మనసులో పెట్టుకోకండి" అంటుంది. తప్పెవరిదన్నది ఆ మాటలో ఉండదు. నేను మాత్రం అలకలో ఘనాపాఠీని. ఒకరోజు దీపాలు పెట్టాక ఏదో మాటామాటా వచ్చింది. ఆవిడ రాజీకొస్తే నేను చాప మీద అటు తిరిగి పడుకుని, "వాక్యం ప్రకారం పొద్దుగుంకాక మొదలైన కోపానికి రేపు సాయంత్రందాకా గడువుంది" అన్నాను. ఇంత సూక్ష్మం ఏ వేదాంత కళాశాలలోనూ చెప్పరని నాలో నేనే మురిసిపోయాను.

"సరే. భోజనానికి కూడా అదే గడువు" అని వంటింటి లైటు తీసేసింది.

ఆ రాత్రి గోంగూర పచ్చడి, వేడన్నం వాసనొస్తోంది. నేను పావుగంట నిలబడ్డాను. అంతకన్నా ఎక్కువ నిలబడినవాళ్ళుంటే వాళ్ళకి నా వందనాలు.

వాక్యమే ఖడ్గమని కదా, ఆ ఖడ్గం నేను ఎక్కువగా ఇంట్లోనే దూస్తాను. ఆవిడ మాట నెగ్గేట్టుంటే సామెతల గ్రంథంలోంచి గయ్యాళి భార్య గురించిన వచనం ఒకటి తీస్తాను. ఓరోజు అలాగే తీస్తే ఆవిడ నింపాదిగా, "అరణ్యంలో సాతాను కూడా వాక్యమే చెప్పాడండీ. తొంభై ఒకటో కీర్తన. వాడికీ కంఠతా వచ్చు" అంది. మత్తయి నాలుగో అధ్యాయం నేనెన్నిసార్లు చదివానో! ప్రభువు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండంలోంచి జవాబిచ్చాడనే చెప్పేవాణ్ణి గానీ, అవతలివాడు కూడా గ్రంథమే పట్టుకున్నాడన్న సంగతి నన్ను చూశాక ఆవిడకి తట్టింది. ఇక పేతురు మొదటి పత్రికలో భర్తలకో హెచ్చరిక ఉంది. భార్యని సన్మానించకపోతే నీ ప్రార్థనలకే అడ్డం వస్తుందని దాని సారాంశం. దాన్ని మా ఆవిడ పైకి చదవదు. నా అలారం మోగి ఆగిపోయిన పొద్దుటిపూట, కాఫీ గ్లాసు నా ముందు పెడుతూ ఆ పేజీ తెరిచి ఉంచి వెళ్ళిపోతుంది.

ఆదివారం సంగతి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. మిగిలిన ఆరు రోజులూ అపవాది సెలవు పెట్టి, ఆదివారం పొద్దున డబుల్ డ్యూటీ చేస్తాడని నా అనుమానం. మా ఆవిడ పొద్దున్నే లేచి చికెన్ కడిగి, ఉప్పూ కారం అల్లంవెల్లుల్లి పట్టించి పెట్టి, ఇడ్లీలు దింపి, అమ్మాయికి జడ వేసి, మా అత్తగారి చీరకుచ్చెళ్ళు సర్ది, అబ్బాయి రెండో సాక్సు మంచం కింద నుంచి లాగుతుంది. నేను తెల్లచొక్కా వేసుకుని, చంకలో బైబిలు పెట్టుకుని, వీధిలో కారులో కూర్చుని హారన్ కొడతాను. హారన్ కొట్టడమే ఆదివారం నా పరిచర్య. దారిలో కొంత యుద్ధం. గుడి గేటు రాగానే, "ప్రైజ్ ద లార్డ్ బ్రదర్! బాగున్నారా సిస్టర్?" మావాడు వెనక సీట్లోంచి, "డాడీ, గేటు దగ్గర మీ మొహం ఎలా మారిపోతుంది? దానికేమైనా స్విచ్ ఉందా?" అని అడిగాడు. నేను విననట్టు ఊరుకున్నాను. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. భుజాలు కదులుతున్నాయి.

ఓ ఆదివారం ఆవిడే, "ఇవాళ హారన్ నేను కొడతాను, చికెన్ మీరు పట్టించండి" అంది. కాదనడానికి మగతనం అడ్డొచ్చి ఒప్పుకున్నాను. నేను కారం చేత్తో కళ్ళు నులుముకుని, సాక్సు దొరక్క, ఇడ్లీ మాడగొట్టి (ఇడ్లీ మాడుతుందని నాకు అప్పుడే తెలిసింది, అడుగున నీళ్ళయిపోతే గిన్నె సైతం మాడుతుంది) చెమటలు కక్కుతూ బయటికొచ్చేసరికి ఆవిడ కారులో కూర్చుని ఉంది. హారన్ ఒక్కసారీ కొట్టలేదు. సన్నగా ఏదో కీర్తన పాడుకుంటోంది. కొట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

గుడిలో కూర్చున్నాక నాది వేరే శోధన. పాస్టరుగారు మూడో పాయింటుకి వచ్చేసరికి నా ఆత్మ ఇంటికెళ్ళి చికెన్ మూత తీసి చూస్తుంది. దీనికి మద్దతు వెతుకుతుంటే నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో ఉన్న ఎవాగ్రియస్ అనే సన్యాసి దొరికాడు. ఆయన సన్యాసుల్ని పీడించే దుష్ట తలంపుల్ని ఎనిమిదిగా లెక్కపెట్టాడు. వాటిల్లో ఒకటి మధ్యాహ్నపు పీడ. అది ఉదయం పదింటికి పట్టి రెండింటిదాకా వదలదట. సూర్యుడు కదలడం మానేశాడనీ, పగటికి యాభై గంటలున్నాయనీ అనిపిస్తుందట. సన్యాసి మాటిమాటికీ కిటికీలోంచి చూస్తాడు, మూడింటి భోజనవేళ ఇంకెంత దూరమా అని. పదింటి నుంచి రెండింటిదాకా! మా ఆరాధన వేళలతో సహా సరిపోయింది. నోటుపుస్తకం పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను. "చూశావా, ఇది నా బలహీనత కాదు. పదహారొందల ఏళ్ళ కిందటే గొప్ప గొప్పవాళ్ళకి వచ్చింది."

"ఆయన రోజుకి ఎన్నిపూటలు తినేవాడు?"

"ఒక్కపూట. మూడింటికి."

"మీరు గుడికొచ్చేముందు ఎన్ని ఇడ్లీలు తిన్నారు?"

ఎవాగ్రియస్ ఆ పీడకి మందు కూడా చెప్పాడు. ఎక్కడికీ పోకుండా ఉన్నచోటే ఓర్చుకుని కూర్చోవాలి. ఇంకో పుస్తకంలో ఏ తలంపుకి ఏ వాక్యంతో ఎదురుచెప్పాలో వరసగా రాసిపెట్టాడు. నేను చిక్కుల్లో పడకూడదని ఈ భాగం ఇంట్లో చదవలేదు.

నా గుండెల మీద దురాత్మ కూర్చున్న రాత్రి కూడా ఒకటుంది. ఊపిరాడలేదు. లేచి కూర్చుని గట్టిగా గద్దించాను. ఇల్లంతా లేచింది. మా అమ్మాయి నా నాడి పట్టుకుని, చెమట చూసి, నొప్పి చేతిలోకి పాకుతోందా అని అడిగి, కాదన్నాక, "రాత్రి పదింటికి బజ్జీలెన్ని తిన్నారు డాడీ?" అంది. అయినా పొద్దున్నే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఈ విషయంలో నేను మా అమ్మాయి పక్షమే. ఛాతీలో నొప్పొస్తే ఆసుపత్రికి పోవాలి, ప్రార్థన ఆటోలో చేసుకోవచ్చు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే కదా. మందు మింగితే విశ్వాసం లేనట్టని చెప్పేవాళ్ళ మాట విని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళని చూశాను. అక్కడ నాకు నవ్వు రాదు.

ఆఖరికి సి.ఎస్. లూయిస్ పుస్తకం ఒకటి తెచ్చుకున్నాను. 1942లో వచ్చింది. పేరు 'స్క్రూటేప్ లెటర్స్'. అనుభవమున్న ఓ పెద్ద దయ్యం, మనుషుల్ని చెడగొట్టడమెలాగో తన మేనల్లుడికి ఉత్తరాలు రాస్తుంటుంది. శత్రువు వ్యూహాలన్నీ ఒకేచోట దొరికాయని ఎర్రపెన్ను తీసి కూర్చున్నాను. మూడో ఉత్తరంలోనే దెబ్బతిన్నాను. నువ్వు చెడగొట్టాల్సిన కుర్రాణ్ణి తల్లి ఆత్మ కోసం ప్రార్థించుకోనివ్వు గానీ, ఆమె కీళ్ళనొప్పుల సంగతి మాత్రం వాడికి తట్టనివ్వకు అని మేనల్లుడికి సలహా ఇస్తుంది ఆ దయ్యం.

అప్పటికి మా అత్తగారు మోకాళ్ళకి రాసుకునే ఆయింట్‌మెంట్ అయిపోయిందని చెప్పి చాలా రోజులైంది. నేను రోజూ కుటుంబ ప్రార్థనలో ఆమె ఆత్మీయ క్షేమం కోసం కన్నీళ్ళతో వేడుకుంటూనే ఉన్నాను. పుస్తకం మూసి అటక మీద పెట్టేశాను. ఆయింట్‌మెంట్ రేపు తెద్దామనుకున్నాను.

గృహకూడిక రోజు రానే వచ్చింది. పరుపులు తీసేసి చాపలు పరిచారు. మా ఆవిడ, అమ్మాయి కలిసి ఉప్మా, టీ సిద్ధం చేశారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని నోటుపుస్తకం తెరిచాను. సంఘపెద్దగారు చెప్పిన పది నిమిషాలు ఉపోద్ఘాతానికే సరిపోలేదు. మా లూథరన్ సంఘానికి మూలపురుషుడైన లూథర్ దగ్గరికొచ్చేసరికి మంచి ఊపులో ఉన్నాను. 1521లో ఆయన వార్ట్‌బర్గ్ కోటలో దాక్కుని ఉండగా అపవాది వచ్చి సతాయిస్తే సిరాబుడ్డి తీసి విసిరికొట్టాడని కథ. గోడ మీద మరక కూడా చూపించేవారట. చెయ్యి విసిరి చూపించాను. ముందు వరసలో ఒక పాప ఉలిక్కిపడి ఏడ్చింది.

"డాడీ," అన్నాడు మావాడు, సభ అని కూడా చూడకుండా, "బుడ్డి విసిరేశాక ఆయన దేంతో రాసుకున్నాడు?"

నేను తడుముకుంటుంటే మా ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర్నుంచి, "ఆ కోటలోనే కూర్చుని కొత్త నిబంధన మొత్తం జర్మనులోకి తిప్పేశారు నాన్నా. మూడు నెలలైనా పట్టలేదు. సిరా అంతా అక్కడే ఖర్చయింది" అంది. చాప మీదున్న ఆడవాళ్ళందరూ తలూపారు. నేనింతసేపు చెప్పినదానికి ఎవరూ తలూపలేదు. ఒకరిద్దరి తలలు ఊగాయి గానీ అది వేరే కారణానికి.

ముగింపు ప్రార్థన మా అత్తగార్ని చెయ్యమన్నారు సంఘపెద్దగారు. ఆమె మోకాళ్ళూనలేక కుర్చీలోనే కూర్చుని, కొంగు తలమీదికి లాక్కుని మొదలుపెట్టారు. దేశం కోసం, సంఘం కోసం, పాస్టరుగారి కోసం, ఇల్లిచ్చినవాళ్ళ కోసం. తర్వాత గొంతు తగ్గించి, "తండ్రీ, మా అల్లుడుగారు మంచోరు. చదువుకున్నోరు. ఆయనకి గుర్తుండకుండా చేస్తన్న ఆ దుష్టుణ్ణి ఈ రాత్రే గద్దించు నాయనా. నా మోకాళ్ళ సంగతి నీకు తెలియంది కాదు. మన వీధి చివర మందులషాపు పదింటిదాకా తీసే ఉంటది ప్రభువా" అన్నారు.

ఆమెన్ అందరూ అన్నారు. మా ఆవిడ రెండుసార్లంది.